మామూలుదే

"బతికే ఉన్నారా మాస్టారూ! మీ దర్శనం లేక నెల దాటింది."

తలుపు తోసుకుని వచ్చినాయన గుమ్మంలోనే ఆగిపోయారు. ఒక చేతిలో నల్ల గొడుగు. రెండో చేతిలో, గ్లాసుల కింద పెట్టే, బార్ పేరు అచ్చేసిన గుండ్రటి అట్టముక్క. దాన్ని జేబులో పెట్టుకుని, కళ్ళు చిట్లించి లోపలికి చూశారు.

సాయంత్రం నాలుగైంది. నగరం నడిబొడ్డున ఉన్న ఆ కాక్‌టెయిల్ బార్ అప్పుడే తెరిచారు. ఇంకా పాటలు పెట్టలేదు, సోఫాల మీద దిండ్లు సర్దలేదు. కౌంటర్ వెనక బార్‌టెండర్ ఒక్కతే గ్లాసులు తుడుస్తోంది. నలభై దాటిన మనిషి. నోరు కాస్త పెద్దదే గానీ మనసు వెన్న.

"కొత్తవాళ్ళలా అక్కడే నిలబడిపోయారేం? రండి."

ఆయన మెల్లగా వచ్చి, గొడుగు మొదటి స్టూల్ మీద పెట్టి, దాని పక్క స్టూల్ మీద కూర్చున్నారు.

"అదేంటి, ఇవాళ మీ అన్నయ్య సీట్లో కూర్చున్నారు?"

ఆయన ఉలిక్కిపడ్డారు. "అన్నయ్య సీటా?"

"మరి! మీరు అటు, గొడుగు ఇటు. నాలుగేళ్ళుగా ఇందులో ఈగనైనా వాలనిచ్చారా? జనం కిక్కిరిసిన రోజున కూడా 'ఆయన అన్నయ్య వస్తున్నాడండీ' అని నా చేత అబద్ధాలాడించారు కదా!"

ఆయన లేవబోయారు. మళ్ళీ కూర్చుండిపోయారు. "ఇవాళ్టికి ఇక్కడే కూర్చోనివ్వమ్మా."

"కూర్చోండి, ఎవరొద్దన్నారు? మామూలుదేనా?"

"ఊఁ... మామూలుదే."

ఆమె ఓరగా గోడమీది నల్లబోర్డు వైపు చూసింది. ఆ రోజు పానీయాల పేర్లు సుద్దముక్కతో రాసేది ఆమే. పుదీనాకి దీర్ఘం ఎగ్గొట్టి 'పుదినా' అని రాయడం ఆమె కావాలని చేసే అల్లరి. మాస్టారు రాగానే సుద్ద అందుకుని దీర్ఘం దిద్దాకే కూర్చుంటారు. ఏ బడిలోనూ పాఠం చెప్పని మనిషికి మాస్టారన్న పేరు వచ్చింది అందుకే. ఇవాళ ఆయన బోర్డు చూసి, సుద్ద ముట్టకుండానే చూపు తిప్పుకున్నారు.

"ఒంట్లో బాగాలేదా? సగమైపోయారు."

"మూడు వారాలు ఆసుపత్రిలోనే."

నిమ్మకాయ కోస్తున్న చెయ్యి ఆగిపోయింది. "అయ్యో! ఒక్క కబురు పంపకూడదా? ఇప్పుడెలా ఉంది?"

"ఇక నొప్పి లేదు," అన్నారాయన, గొడుగు వైపు చూస్తూ.

"హమ్మయ్య! అంతే చాలు."

ఆమె పొడుగాటి గ్లాసులో మంచుముక్కలు వేసి, నిమ్మరసం, దంచిన అల్లం, నలిపిన పుదీనా కలిపి పైన సోడా నింపింది. గ్లాసు అంచుకి ఉప్పు అద్దింది. వంటగది కిటికీలోంచి వేయించిన బంగాళదుంప ముక్కలు వచ్చాయి, మాస్టారికి నచ్చినట్టు మిరియాల పొడి దండిగా చల్లి. ఆయన ఒక గుక్క తాగారు. ఆగి, ఇంకో గుక్క తాగారు. గ్లాసు పైకెత్తి వెలుతురులో చూశారు.

"ఇందులో మందు లేదే!"

ఆమె ఫక్కున నవ్వింది. "ఆసుపత్రిలో జ్ఞాపకాన్ని కూడా కోసి తీసేశారా మాస్టారూ? మీరు మందు మానేసి నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళా?" ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

"తాగుబోతు తమ్ముడు నాకొద్దు, మానేసిన రోజున కబురు పెట్టు అన్నారటగా మీ అన్నయ్య. ఆ మర్నాడే మానేశారు. మానేసినవాళ్ళకి బార్‌లో ఏం పనండీ అంటే, పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి అన్నారు. ఇంకెక్కడికీ పోకుండా ఇక్కడే కూర్చుని నిమ్మరసం తాగారు."

"మరి కబురెందుకు పెట్టనట్టు?"

"నన్నడుగుతారేం? ఏడు నిమిషాల పెద్దరికానికి అంత బెట్టా, వాడే రావాలి అని ఒక రోజు. కబురు పెట్టాక మళ్ళీ తాగితే ఏ మొహంతో నిలబడను, ఇంకో ఏడాది చూస్తా అని ఇంకో రోజు. ఆ ఏడు నిమిషాల గొడవేంటో నాకు ఈనాటికీ అర్థం కాలేదు."

ఆయన కళ్ళు నిండి నీళ్ళు చెంపల మీదికి కారాయి. తుడుచుకోలేదు. ఆమెకి ప్రాణం ఉసూరుమంది. చావు గడప దాకా వెళ్ళొచ్చినా అన్నదమ్ముల పంతం తీరలేదే అనుకుంది. ఇలాగే పంపేస్తే మళ్ళీ వస్తారో రారో అని భయం కూడా వేసింది.

"ఫోన్ చెయ్యండి. ఇప్పుడే."

"ఆలస్యమైపోయిందమ్మా."

"ఏం ఆలస్యం? మీరు చెయ్యకపోతే నేను చేస్తా. ఆ అధికారం మీరిచ్చిందేగా!"

సీసాల వెనక నుంచి ఒక పాత మెనూ కార్డు లాగి ఆయన ముందు పెట్టింది. దాని వెనకవైపు నీలి సిరాతో 'అన్నయ్య' అని, కింద ఫోన్ నంబరు. ఆ కిందనే ఒక వాక్యం: 'నాకు ధైర్యం చాలకపోతే నువ్వే చెయ్యి చెల్లెమ్మా.'

ఆయన ఆ అక్షరాలను వేలితో నెమ్మదిగా తడిమారు. ఇన్నాళ్ళూ ఈ కార్డు దాచి ఊరుకున్నందుకు ఆమెకి తనమీద తనకే కోపం వచ్చింది. కౌంటర్ మీది ఫోన్ అందుకుని నంబరు నొక్కింది.

"ఏమని చెప్పను?"

"మానేశాడని చెప్పమ్మా," అన్నారాయన. "నాలుగేళ్ళయిందని చెప్పు."

ఆమె రిసీవర్ చెవికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టింది.

మోగింది ఆయన జేబులోని ఫోనే.