విరిగిన బాణం

"ఎనిమిది రోజులు! గులకరాళ్ళ మీద గీతలు గీసే పిల్లలు నీకంటే నయం," అంది డెరిలే, గుర్రం దిగీ దిగకముందే.

రాతిపనివాడు ఉరాద్ సుత్తి కింద పెట్టాడు. "గట్టి రాయి, దొరసానమ్మా. మీ కోపానికి మెత్తబడదు."

ఎదురుగా మనిషెత్తు రాయి. పైన చెక్కిన చేప, దాని కింద నెలవంక. ఆ రెండూ కలిస్తే ఆమె భర్త తలోర్క్ అని ఆ లోయలో పసివాళ్ళకైనా తెలుసు. అడుగున అద్దం, దువ్వెన. రాయి నిలబెట్టిస్తున్నది భార్య అని వాటి అర్థం.

"బాణమేది?"

"అదొక్కటే మిగిలింది. నెలవంక మీద విరిగిన బాణం చెక్కానంటే మనిషి పోయినట్టే. తర్వాత చెరపడానికి ఉండదు."

"చెరపమని ఎవరడిగారు? చెక్కు."

ఉరాద్ ఉలి అందుకున్నాడు. రాతిపొడి లేచింది.

"మంచి దొర. కిందటి చలికాలం మా ఇంటికి బార్లీ పంపించాడు. పాపం, ఇంతలోనే..."

"మంచి దొరా!" డెరిలే కసిరింది. "నా కొడుకును హామీగా రాజుకు అప్పగించాడు. ఏదో కోపమొచ్చి రాజు వాణ్ణి నదిలో ముంచి చంపించాడు. ఈయన కత్తి దూశాడా? రాజు వెండి గొలుసిస్తే మెడలో వేసుకుని ఇంటికొచ్చాడు. ఆ గొలుసుతోనే నా పక్కన పడుకున్నాడు."

"పోయినవాళ్ళను తిట్టకూడదమ్మా."

"నిన్ను చెక్కమన్నానా, నీతులు చెప్పమన్నానా?"

ఉరాద్ మళ్ళీ రాతి మీదికి వంగాడు. పొద్దు వాలకముందే బాణం నడిమికి విరిగి నెలవంక మీద నిలిచింది. డెరిలే ఆ గాడి పొడుగునా వేలు పెట్టి చూసింది. లోతు చాలినట్టే ఉంది.

"ఎప్పుడు నిలబెడదాం?" అడిగాడు.

"ఎల్లుండి. బండి పంపిస్తాను."

వెళ్ళబోతూ ఆగి, అతని చేతిలోని ఉలి లాక్కుంది.

"దాంతో మీకేం పనమ్మా?"

"నువ్వు సగమే చేశావు."

ఉలిని శాలువాలో చుట్టుకుని గుర్రమెక్కింది. కొండ మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి, గుమ్మంలో మెడలోని వెండి గొలుసు సవరించుకుంటూ, "ఎక్కడికి పోయావే ఇంతసేపూ, ఆకలి దంచేస్తోంది," అని విసుక్కున్నాడు తలోర్క్.