రోగాల గది

"ఇంకా సూస్తారేటండీ? బేగి మంచం ఎత్తండి," అంది నూకరత్నం మొగుడితో.

అప్పలకొండ తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. సింహాద్రమ్మకి ఊపిరి ఆడీ ఆడనట్టుంది. నిన్నటి నుంచి గంజి కూడా మింగలేదు. పక్కింటి సూరన్న పంచాంగం తిరగేసి, ఉత్తరా నక్షత్రం నడుస్తోందనీ, ఇప్పుడు గదిలో ప్రాణం పోతే మూడు నెలలు ఇల్లు మూసెయ్యాలనీ చెప్పాడు.

"మూణ్ణెల్లు గొడ్లనేసుకుని ఏ సెట్టు కిందుంటామండీ?" అంది నూకరత్నం.

నర్సీపట్నంలో దొరల నాడు కట్టిన మేడ అది. కట్టించిన ముత్తాత ఏ పడకగది దేనికో అప్పుడే తేల్చేశాడు. ఒకటి పురుడుకి, ఒకటి కొత్తజంటకి, పెరటివైపుది రోగాలకి. ఉత్త నిద్రకి అరుగులే. చావుకి మాత్రం ఏ గదీ లేదు.

సింహాద్రమ్మ మూడు గదుల్లోనూ పడుకుంది. తుంటి విరిగాక ఏడాదిగా మూడోదాంట్లోనే. కంచం లోపలికి వెళ్లేది, బయటికి వచ్చేది. హాల్లో టీవీ మోగుతుండేది. అప్పలకొండ రోజూ గుమ్మంలోంచే తిన్నావా అని అడిగి, జవాబు వినకుండా పొలం పోయేవాడు.

నలుగురు పట్టి మంచాన్ని వీధరుగు మీదికి తెచ్చారు. ఆఖరిచూపని వీధంతా వచ్చింది. ఒకామె తల దువ్వింది. బలిఘట్టం గుడి నుంచి వస్తున్నవాళ్లు ఆగి తీర్థం పోస్తే గుటక పడింది. చేపల జోగులమ్మ గంప దించి, ముసలామె చెయ్యి పట్టుకుని, అలిగి పుట్టింటికి పోయిన కోడలి సంగతంతా చెప్పుకొచ్చింది.

"నేనేటన్నానే పెద్దమ్మా? కూరలో ఉప్పెక్కువయిందన్నాను. దానికే పెట్టె సద్దీసింది."

సింహాద్రమ్మ పెదవి కొస కదిలినట్టు అప్పలకొండకి అనిపించింది. తర్వాత నూకరత్నం గంజి పోస్తే, గ్లాసుడూ తాగేసింది.

పొద్దు వాలేవేళకి ఉత్తర దాటిపోయిందన్నాడు సూరన్న. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకి మళ్లారు. అప్పలకొండ కళ్లు తుడుచుకున్నాడు. గండం గడిచింది, అమ్మని గదిలో పడుకోబెడదామని మంచం పట్టె మీద చెయ్యి వేశాడు.

సింహాద్రమ్మ కళ్లు తెరవకుండానే ఆ చెయ్యి పట్టుకుంది.

"లోపలెట్టొద్దురా కొండా. బయటికి రావడానికి మళ్లీ సావడం నావల్ల కాదు."