చేతులమ్ముకున్నాయన

ఇలా దగ్గరికి జరిగి వినండి, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండే సంగతి ఇది.

బూట్ల ఫ్యాక్టరీలో ఒక ఉదయం, ముసలాయన బల్ల మీద పెట్టుకున్న టీని, అక్కడి ఆడవాళ్లందరికీ పెద్ద దిక్కైన పెద్దక్క నేల మీద పారబోసింది.

"మా బల్ల మీద నీ ఎంగిలి గ్లాసు పెట్టకు."

ముసలాయన నేల తుడిచి, తీగల గ్లౌజులు తొడుక్కున్నాడు.

తంటా అంతా ఆ గ్లౌజులతోనే. ఆయన చేతులు ఎలా కదిలితే ఎదురుగా ఉన్న రోబో అలా నేర్చుకుంటుంది.

దానికి తల, చేతులు, నడుము అన్నీ ఉన్నాయి, ఆకలి ఒక్కటే లేదు. పెట్టెలు మోసేది, నేల ఊడ్చేది, మేకులు ఏరేది. రానిదల్లా తోలును చెక్క అచ్చు మీదికి లాగి, ముడత పడకుండా బిగించడం.

అది నలభై మంది ఆడవాళ్ల పని. అదీ వచ్చేస్తే నలభై ఇళ్లలో పొయ్యిలో పిల్లి లేవదు.

దానికి నేర్పడానికి కంపెనీ ఎక్కణ్ణుంచో ఈ ముసలాయన్ని తెచ్చింది. ఆడవాళ్లు ఆయనకు 'చేతులమ్ముకున్నాయన' అని పేరు పెట్టారు.

"ఏం తాతా, నీకు కూతుళ్లు లేరా?" అంది ఒకామె.

"ఉంటే ఆ రోబోకే ఇచ్చి పెళ్లి చేసుండేవాడు!" అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు. పెద్దక్క నవ్వలేదు.

ఎనిమిది నెలలైనా రోబో బిగించిన ప్రతి బూటూ చిట్లిపోయేది.

"చేతకాని చేతులకు గ్లౌజులొకటి! సిగ్గుంటే దిగిపో," అంది పెద్దక్క.

ముసలాయన రోబో వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఓపిక పట్టమ్మా. నన్ను ఇంకొన్నాళ్లు ఉండనివ్వు."

"ఉండి మా మెడలు కొయ్యడానికా?"

ఆ మధ్యాహ్నమే నలభై మందీ మేనేజరు గది ముందు బైఠాయించారు. "ఆయనుంటే మేం పని ముట్టం."

సాయంత్రానికి ముసలాయన్ని పంపించేశారు. గేటు దాటుతుంటే ఎవరో ఆయన వీపు మీదికి తోలుముక్క విసిరారు.

మర్నాడు మేనేజరు అవే గ్లౌజులు పెద్దక్క ముందు పెట్టాడు.

"ఆయనకు చేతకాదన్నావుగా, నువ్వు నేర్పి చూడు. ఇరవై రోజుల్లో రాకపోతే రోబోను వెనక్కి పంపేస్తా."

"ఎనిమిది నెలల్లో రానిది ఈ మొద్దుకు ఇరవై రోజుల్లో వస్తుందా?" అని పెద్దక్క ధీమాగా గ్లౌజులు తొడిగింది. పని చెడగొట్టడం ఆ చేతులకు తెలియదు.

పదిహేడో రోజున రోబో బిగించిన బూటు అద్దంలా ఉంది.

నెల తిరక్కుండా నలభై బల్లలూ ఖాళీ అయ్యాయి.

వెళ్లిపోతూ పెద్దక్క చెత్త దగ్గర ఆగింది. ముసలాయన తన చేత్తో చేసి చూపించిన బూట్లన్నీ అక్కడ గుట్టగా పోసి ఉన్నాయి. ఒకటి తీసి చూసింది. ఇంకొకటి తీసింది. ఇరవై చూసింది.

అన్నీ ఒకే చోట, బియ్యపుగింజంత ఎక్కువ లాగి ఉన్నాయి.

చేతకానివాళ్లు పూటకో చోట తప్పుతారు. అది ఆమెకు తెలుసు.

అక్కడే కూలబడి, తన చేతులను తానే గోడకేసి బాదుకుంది.

మరిచిపోకండి, కనబడ్డవాళ్లందరికీ చెప్పండి: ఎనిమిది నెలలు తిట్లు తింటూ, ప్రతి బూటునూ కావాలనే చెడగొడుతూ ఆ నలభై మంది కూటిని కాపాడినవాడు, వాళ్లు తరిమేసిన ఆ ముసలాయనే.