పద్నాలుగో నంబరు ఇల్లు

"తల దించుకుని నడువు. అటు చూడకు," అంది వర్నెల్.

"ఆ తాత ఇవాళ కూడా రాసుకుంటున్నాడమ్మా."

తొమ్మిదేళ్ళ జోసెట్ కారు దిగి బడి బస్సెక్కింది. పద్నాలుగో నంబరు ఇంటి వరండాలో తెల్ల ముసలాయన గడియారం చూసుకుని, చిన్న నోటుపుస్తకంలో ఏదో గీకాడు.

వర్నెల్ సీట్లో కిందికి ఒదిగింది. బడి రికార్డుల్లో జోసెట్ ఇల్లు అదే మరి.

ఒకప్పుడు అందులో వర్నెల్ పిన్ని అద్దెకుండేది. పిన్ని పోయింది, చిరునామా మిగిలింది.

రైలు పట్టాలకు ఇవతల, వర్నెల్ ఉండే నల్లవాళ్ళ పేటలో ఇళ్ళకు ధర లేదు. ఇంటి పన్నుల మీద నడిచే బడికి ఇంక దిక్కేది? కప్పు కారుతుంది, ముగ్గురికో పుస్తకం. అవతల తెల్లవాళ్ళ బడికి ఈతకొలను కూడా ఉంది, కానీ అక్కడ ఉండేవాళ్ళ పిల్లలనే చేర్చుకుంటారు. దొంగ చిరునామాతో పిల్లను అక్కడ చేర్పించిందని నిరుడు పక్కింటి బెర్నీటాను జైల్లో పెట్టారు. చదువు దొంగిలించిందట!

ముసలాయన మెట్లు దిగి కారు దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయీ, ఒక్క మాట..."

భయం నోటిదాకా వచ్చేసరికి తిట్టయింది.

"పసిపిల్ల మీద నిఘా వేయడానికి సిగ్గులేదూ? మా పిల్ల వంక మళ్ళీ చూశావంటే మర్యాద దక్కదు!"

ఆయన వెనక్కి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి వరండాలోకి రాలేదు. కిటికీ తెర మాత్రం కదిలేది. నెల తిరిగేసరికి అదీ ఆగింది. పీడ వదిలిందనుకుంది వర్నెల్.

అంతలో బడి నుంచి ఫోను. ఆఫీసుకు రమ్మన్నారు.

జైలు ఖాయమనుకుంటూ వెళ్ళింది.

గుమాస్తా లేచి నిలబడింది. "మీ మామగారు పోయిన సంగతి నిన్ననే తెలిసిందండీ. మంచి మనిషి."

వర్నెల్‌కు అసలు మామగారే లేరు.

"మావాళ్ళకు అనుమానం వచ్చినప్పుడల్లా, 'మనవరాలు నా ఇంట్లోనే ఉంటోంది' అని ఆయనే వచ్చి సంతకం పెట్టేవారు. ఆసుపత్రికి వెళ్తూ సాక్ష్యంగా ఇదీ ఇచ్చారు. ఈ ఏడు సంతకానికి ఎవరొస్తారండీ?"

అదే నోటుపుస్తకం.

వర్నెల్ తాను తిట్టిన రోజు పేజీ వెతికింది.

'ఏడుంబావుకు మనవరాలు బస్సెక్కింది. కోడలికి కోపం వచ్చింది. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది.'