ఇటువైపు వస్తే తప్పకుండా రండి

“పడవ వెనక్కి తిప్పండి!” అని అరిచింది హత్సుయె. రేవు దాటి పావుగంటైనా కాలేదు.

“తిప్పను,” అన్నాడు ఆమె మొగుడు ఇవావో. ఒక చేతిలో చుక్కాని, ఇంకో చేతిలో కొత్త సంవత్సరం కార్డుల డబ్బా. “మన చుట్టాలంతా ఈ తీరం వెంబడే ఉన్నారు. ఏటా అందరిదీ ఒకటే మాట, ఇటువైపు వస్తే తప్పకుండా రండి అని. ఇదిగో, వస్తున్నాం. లేకపోతే ఈ పడవ కొన్నదెందుకు?”

“అది రాయడానికి రాసే మాటండీ! జపాన్ మొత్తం మీద ఆ మాట నమ్మి బయల్దేరిన మనిషి మీరొక్కరే.”

“రాసినవాళ్లకి లేని సిగ్గు చదివినవాడికెందుకే?”

ఆ ఇంట్లో కార్డులు రాయడం ఆవిడ వంతు, వచ్చినవి చదవడం ఆయన వంతు. పెళ్లయినప్పటి నుంచీ అంతే.

ఇవావో డబ్బాలోంచి ఒక కార్డు తీసి ముద్దుగా చూసుకున్నాడు. అది అక్క మసుయో దగ్గర్నుంచి వచ్చింది. అక్కాతమ్ముళ్లకి తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. దానికి కారణం పడవ అడుగున, గుడ్డలో చుట్టి ఉంది. వాళ్లమ్మ ముల్లంగి ఊరగాయ మీద బరువుగా పెట్టే రాయి. ఆవిడ పోయినప్పుడు అక్క అడిగేలోగా ఇవావో దాన్ని ఎత్తుకొచ్చేశాడు. అక్కంటే ఆయనకి ప్రాణం. ఆ సంగతి ఒప్పుకోడు, అంతే.

“మెట్టు దిగింది అక్కే,” అన్నాడు గర్వంగా. “తొమ్మిదేళ్లుగా రాస్తోంది, ‘తమ్ముడూ, ఇటువైపు వస్తే తప్పకుండా రా’ అని. ఆ అక్షరాలు చూడు, ముత్యాలు! చిన్నప్పుడు కోడి గీకినట్టు రాసేది. నేను మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆ ఇంటికి కార్డు వెయ్యొద్దని నీకు అప్పుడే చెప్పానా, లేదా?”

“చెప్పారు,” అంది హత్సుయె, నీళ్లలోకి చూస్తూ.

మొదట బాబాయి కొడుకు త్సునెయో ఇంటి దగ్గర ఆగారు. ఆయన లోపలి లాగుతోనే తలుపు తీసి, “నిజంగానే వచ్చేశారే!” అని నాలిక్కరుచుకున్నాడు. వాళ్లావిడ పెరటి గుమ్మంలోంచి చేపల కొట్టుకి పరుగెత్తింది. ఇవావో ఆక్టోపస్ అన్నం మూడు గిన్నెలు లాగించాడు.

“చూశావా, ఎంత పొంగిపోయాడో!” అన్నాడు పడవెక్కుతూ.

“పొంగడం కాదు, కంగారు,” అంది హత్సుయె.

తర్వాత హత్సుయె చెల్లెలు సుమి ఇల్లు. సుమి తలకి రంగు వేసుకుంటోంది. సగం నలుపు, సగం తెలుపు.

“ఒక్క ఫోను చెయ్యొచ్చు కదా, బావగారూ!” అంది. ఏడుపొక్కటే తక్కువ.

“కార్డులో ఫోను చెయ్యమని లేదే, మరదలా,” అన్నాడు ఇవావో.

సుమి బుట్టెడు కమలాపళ్లు చేతిలో పెట్టి, పోటు తిరిగిపోతుందంటూ వాళ్లని పది నిమిషాల్లో సాగనంపింది.

అక్క ఉండే దీవి కనిపించేసరికి, “కడుపులో తిప్పుతోంది, వెనక్కి పోదామండీ,” అంది హత్సుయె.

“ముప్పై ఏళ్లు ఫెర్రీ క్యాంటీనులో వంట చేసినదానివి, నీకు తిప్పడమేమిటే?” అన్నాడు ఇవావో. సముద్రం పళ్లెంలో నీళ్లలా కదలకుండా ఉంది. “ఇన్నేళ్లకి అక్కని చూడబోతుంటే నన్ను ఆపాలనే చూస్తావెందుకు?”

“ఆపడం కాదండీ. వదినగారు ఏమంటారో అని.”

“ఏమంటుంది? పిలిచిందే తను!”

ఎదురుగా ఒక ఫెర్రీ పోయింది. పైనుంచి ఎవరో ముసలావిడ పచ్చ గొడుగు ఊపింది. ఇవావో హుషారుగా టోపీ తీసి ఊపాడు.

రేవులో పడవ కట్టేసి, రాయిని గుండెలకి హత్తుకుని ఇవావో మెట్లెక్కాడు. అరవై రెండు మెట్లు. ‘అక్కా, నీ రాయి తీసుకో’ అన్న ఒక్క మాటని మెట్టుకోసారి అనుకున్నాడు. గుమ్మం ముందుకి వచ్చేసరికి అందులో మొదటి ముక్కే మిగిలింది. “అక్కా!” అని మాత్రం అనగలిగాడు.

తలుపు తీసింది అక్క కోడలు మిసాతో.

“అయ్యో, మావయ్యగారూ! అత్తయ్య ఇప్పుడే పోయిన ఫెర్రీలో మీ ఊరికే బయల్దేరారే! పచ్చ గొడుగు పట్టుకుని...”

“మా ఊరికా? ఎందుకు?”

“తొమ్మిదేళ్లుగా మీరే రాస్తున్నారుగా, ‘అక్కా, ఇటువైపు వస్తే తప్పకుండా రా’ అని. ‘వాడే మెట్టు దిగాక ఇంకా బిగుసుకుని కూర్చుంటే బాగుండదు’ అని వెళ్లారు.”

రాయి జారి గుమ్మంలో దభీమని పడింది.

“నేనా? చస్తే రాయలేదు!” అని ఇవావో వెనక్కి తిరిగాడు. హత్సుయె కిందికి వంగి బూటు తాడు కట్టుకుంటోంది. అవి రబ్బరు బూట్లు. వాటికి తాళ్లు లేవు.

“నువ్వా! నా పేరు పెట్టి!” అన్నాడు ఇవావో. కాసేపు రొప్పి, కార్డు తీసి మిసాతో ముందు ఆడించాడు. “సరే పోనీ. నేను రాయకపోతేనేం, మా అక్క తన చేత్తో తను రాసింది! ఇదిగో, చూడమ్మా, మీ అత్తగారి దస్తూరీయే కదూ?”

మిసాతో కార్డు చూసింది. వెళ్లి హత్సుయె పక్కన వంగి, తన వట్టికాళ్లకి బూటు తాడు కట్టుకోసాగింది.