దేవుని మీదుగా మాటలు

“ప్రభువా, బాగున్న సైకిలు తీసుకపోయి, గాలి లేకుండా తెచ్చి గోడకు ఆనించే కుమారులకు మంచి బుద్ధి దయచేయుమని వేడుకొంటున్నాము” అన్నాడు మొండయ్య, కళ్ళు గట్టిగా మూసుకొని.

“పరలోకపు తండ్రీ, ఆ టైరు ఎప్పుడో అరిగిపోయిందన్న సంగతి భూలోకపు తండ్రికి బయలుపరచుము” అన్నాడు కొడుకు దావీదు, అంతకన్నా గట్టిగా మూసుకొని.

ఇద్దరి నడుమ చాప మీద మోకరించిన భూమవ్వ అటొక ఆమెన్, ఇటొక ఆమెన్ చెప్పింది. ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే మొగుడు అలుగుతాడో, కొడుకు అలుగుతాడో! భయపడటంలో ఆమెకు సాటి ఆ కంపెనీ క్వార్టర్లలోనే లేరు.

ఈ గొడవ ఎనభై ఆరు వానాకాలంలో మొదలై రెండేళ్ళయింది. మొండయ్య పెళ్ళినాటి నుంచీ బొగ్గుబాయిలోనే పని. కొడుకును పెద్దపల్లిలో ఐటీఐ చదివించాలని ఆయన ఆశ. దావీదు మాటమాత్రం చెప్పకుండా పోయి అదే బాయిలో పనికి కుదిరాడు. “నేను మన్నుల దూరింది, నువ్వు దూరొద్దనిరా” అని మొండయ్య ఒక్క మాటే అన్నాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటలు బంద్. ఒకే షిఫ్టుకు పోతారు, తండ్రి ముందు, కొడుకు వెనుక. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మాత్రం నోళ్ళు తెరుస్తారు. అదీ దేవుని మీదుగా.

అంతకుముందు భూమవ్వ బాధ వేరు. షిఫ్టు మారే సైరన్ మోగినా బాయి కూలిందనే అనుకునేది. కొంగు నోట్లో కుక్కుకొని గేటు దాకా ఉరికేది. ఒకసారైతే గేటు ముందే కూలబడి శోకం అందుకుంది. ఎవరు పోయారో కనుక్కుందామని గుంపులో దూరిన మొండయ్య, ఏడుపులో తన పేరే విని తెల్లబోయాడు. తోటివాళ్ళు చాలా రోజులు ఆయన్ను “ఏం పోయినోడా, మంచిగున్నవా?” అనే పలకరించారు.

ఇప్పుడు గేటు దాకా పోయే తీరిక భూమవ్వకేదీ?

“ఏంది భూమక్కా, గేటు కాడ కనబడుతనే లేవు! ముఖం సుత జర తేటపడ్డది” అంది పక్క క్వార్టరు ఎల్లక్క.

“యాడ తీరుతది ఎల్లక్కా! ఇంట్లనే యుద్ధమాయె. శుక్కురారం ఉపాసం, పొద్దుమాపు మోకాళ్ళ మీదనే ఉంటున్న. ఇగ బాయి సంగతి దేవుడే చూసుకుంటడు.”

“మరి గీ తండ్రికొడుకుల సంగతి సుత దేవుడే చూసుకోడా?”

“అన్నీ ఆయన మీదనే ఏస్తే ఎట్ల? ఒక్కటన్న నేను చూడొద్దా!”

ఆ సాయంత్రం ప్రార్థనలో మొండయ్య, “ప్రభువా, పులుసులోని మునక్కాయలన్నీ ఏరుకొని తినువారిని క్షమించుము” అన్నాడు.

“తండ్రీ, గురకతో గోడలదిరించువారికి మౌనమనే కృప దయచేయుము” అన్నాడు దావీదు.

ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఆమెన్ అనలేదు. భూమవ్వకు భయమేసి ఒక కన్ను తెరిచింది. ఇద్దరూ తలలు చాపకు ఆనించి వంగిపోయి ఉన్నారు. మొండయ్య తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. ఇద్దరి భుజాలూ ఊగిపోతున్నాయి.

‘ఏడుస్తుండ్రు!’ అనుకుంది భూమవ్వ. ఆమె గుండె పొంగిపోయింది.

తెల్లారి పాస్టరయ్య ఇంటికి ఉరికింది.

“అయ్యగారూ, ఇద్దరి గుండెలు కరుగుతున్నయి. మీరు జర జల్ది రావాలె. ఆలస్యమైతే మళ్ళ గడ్డకడ్తయేమోనని ఫికరైతుంది.”

“భయపడకమ్మా.”

“భయపడకుంట ఎట్లుండాల్నో నాకు తెల్వదయ్యా.”

ఆదివారం సాయంత్రం అయ్యగారు వచ్చి తండ్రీకొడుకులను ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. “మొండయ్యా, ఇంకెన్నాళ్ళు?” అని అడిగాడు.

మొండయ్య పైకప్పు చూశాడు. నేల చూశాడు. పెదవి బిగబట్టి చూశాడు.

“ఇగ నాతోని కాదు అయ్యగారూ, మాట్లాడ్త” అనేశాడు.

దావీదు తండ్రివైపు చురుక్కున చూశాడు. ఆ చూపుకు భూమవ్వ గబుక్కున చేతులు జోడించింది. వీడింకా కరగలేదా దేవా!

“ఏం బిడ్డా” అన్నాడు మొండయ్య.

“ఏం లేదు బాపూ” అన్నాడు దావీదు.

ఆ కాసిని మాటలకే భూమవ్వ బోరుమంది. కోడిని కోయించింది. వచ్చే ఆదివారం గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెబుతానని మొక్కుకుంది. అయ్యగారు కడుపునిండా తిని, దీవించి వెళ్ళాడు.

తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని తింటుంటే భూమవ్వ కళ్ళారా చూసుకుంది. ఇంతకాలం మోసిన బరువు దిగిపోయింది. తలకాయ ఒక్కసారిగా ఖాళీ అయింది. అన్నం వడ్డిస్తున్న చెయ్యి గాలిలోనే ఆగింది.

“అయ్యో, గిప్పుడు మీరిద్దరు ఒక్కటైతిరి గద! బాయిల సుత ఒక్కకాడనే నిలబడ్తరు. కప్పు కూలితే ఇద్దరి మీద ఒక్కపారే పడదా?”

“గట్లేం కాదే” అన్నాడు మొండయ్య.

“నీకేం తెల్సు? రేపటి సంది నేనూ వస్త. మీరు పైకొచ్చేదాక గేటు కాడనే కూసుంట.”

మొండయ్య చేతిలోని ముద్ద కంచంలోకి జారింది. దావీదు తండ్రి చెవి దగ్గరికి వంగాడు.

“మనం నిరుడే కల్సిపోయిన ముచ్చట ఇంకొన్నొద్దులు దాసిపెడ్దమంటే వింటివా, బాపూ!”