రేకు రైలు రెండోవైపు

తలకు పట్టీ చుట్టుకుని కూర్చుంటే చాలు, జ్ఞాపకంలో ఉన్న వస్తువును అచ్చు గుద్దినట్టు చేసిచ్చే దుకాణాలు కాజీపేటలో వీధికొకటి వెలిశాయి. జనం అమ్మ పచ్చడిజాడీనో, నాయనమ్మ ముక్కుపుడకనో చేయించుకుపోతున్నారు. రిటైరైన రైల్వే గార్డు రంగమన్నారు మాత్రం చిన్ననాటి రేకు రైలునే ఏడుసార్లు చేయించాడు. ఏడింటికీ ఒకవైపు ఎర్రరంగు, కిటికీలు, పసుపుగీత. రెండోవైపు బోసి రేకు.

ఇవాళ ఎనిమిదోది వచ్చింది. విప్పి చూసి, ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

"మళ్ళ గట్లనే చేసిండ్రక్కా. ఆ దుకాణపోని సంగతి ఇయ్యాల చూస్త."

"ఆయన్నెందుకంటవ్ తమ్మీ," అంది అక్క వకుళ, చిక్కుళ్ళు తుంచుతూ. "ఆ రైలు మనదెక్కడిది? ఎదురు క్వార్టరోళ్ళది. వాళ్ళు కిటికీల పెడితే, మనం బయట నిలబడి చూసేటోళ్ళం."

రంగమన్నారు రైలును తెచ్చి, రంగున్న వైపు వీధికి కనబడేలా కిటికీలో పెట్టాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. పొద్దుటి నుంచీ కాలు నిలవని మనిషి, ఆ కిటికీ ముందు అలాగే నిలబడిపోయాడు.